మూత తీసి చూడమన్న సమ్మయ్య సార్

సమ్మయ్య సార్ ఇక లేరని ఖమ్మం దవాఖానా నుంచి ఆయన కూతురు సుజాత ఫోన్ చేసింది. దేవుడికి పూలు కోస్తున్న నేను సజ్జ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

బొగ్గుగని ఆఫీసులో కంప్యూటర్ల పని చూసి, రిటైరయ్యాక దుమ్ముగూడెంలో స్థిరపడిన విద్యాదాత ఆయన. బడి మొహం చూడని నాకు అమ్మ అక్షరాలు దిద్దించింది. ప్రోగ్రాములు రాయడం సార్ తన వరండాలో కూర్చోబెట్టి నేర్పారు. ఈనాడు నేను తింటున్న అన్నం గుళ్లోని ఆ రామయ్య దయ, ఈయన భిక్ష.

తొలి పాఠం మాత్రం వాళ్ల వంటింట్లో జరిగింది. టీ పెడదామని నేను చక్కెర అని రాసున్న డబ్బా తీస్తే అందులో కారం ఉంది. సార్ నవ్వారు. “విండోస్ గూడ గిట్లనే బిడ్డా. ఫైల్ పేరు కొసన ఏం రాసుంటే గదే అనుకుంటది. లినక్స్ అనే ఇంకో సిస్టంల ఒక కమాండ్ ఉంది, అది ఫైల్ మూత తీసి లోపలి మొదటి బైట్లు చూస్తది. నువ్వు గూడ పేరు నమ్మకు, మూత తీసి చూడు.”

ఆయన భార్య కౌసల్యమ్మగారు ఊరుకోలేదు. “నా డబ్బాల్ల ఏముందో నాకెరుకే. ఎరుక లేంది నీ కంప్యూటర్‌కే.”

ఆ తల్లి పోకముందు ఆమె చెప్పిన ముచ్చట్లను సార్ తన ఫోన్‌లో పదకొండు ఫైళ్లుగా రికార్డు చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు. గోదావరి వరదలో పాత ఫోన్ పాడయ్యాక ఆ గొంతు కంప్యూటర్‌లో మాత్రమే మిగిలింది. దాన్ని నేను పోగొట్టాను. ఇది దాచిపెట్టి ఆయన్ని కీర్తించడం నాకు చేతకాదు.

తను రాసిపెట్టిన పాఠాలన్నిట్లో పాత ఫోన్ నంబరు మార్చమన్నారు సార్. కౌసల్యమ్మగారి ముచ్చట్లూ ఆ పాఠాల ఫోల్డర్‌లోనే ఉన్నాయి. నేను రాసిన ప్రోగ్రాము అందులో ఉన్న ప్రతి ఫైలునూ పాఠమే అనుకుని అక్షరాలుగా చదివింది. అక్షరం కాని బైట్లను వదిలేసి, మిగిలినవాటినే తిరిగి అదే ఫైలు మీద రాసింది. ఆ వదిలేసిన బైట్లు లేకుండా శబ్దం లేదు.

ఏడుస్తూ చెప్పాను. సార్ కుర్చీని కంప్యూటర్ ముందుకు జరుపుకున్నారు. తరువాత ఒక ఫైలు మూత తీసి చూపించారు. శబ్దపు ఫైలుకు ముందుండే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి వెనక గొంతు లేదు.

“మొదటి బైట్లు గూడ అబద్ధమాడుతయి బిడ్డా. ఇన్నేండ్లు నీకు సగమే చెప్పిన.”

మర్నాడు మామూలుగానే పాఠం మొదలుపెట్టారు. అక్షరాలు కాని ఫైలును బైట్లుగానే ఎట్లా తెరవాలో ఆ రోజు నేర్పారు. చేసింది నేనని ఎవరికీ చెప్పలేదు, ఆ ఫైళ్లను చెరపనివ్వనూ లేదు. ఆ క్షమ నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

సార్ పోయిన పదకొండో రోజు వాళ్లమ్మ గొంతు వినిపించమని సుజాత అడిగింది. జరిగిందంతా చెప్పాను. 

“ఆ ఫైళ్లు నాకియ్యి అక్కా.”

వినపడవమ్మా అన్నాను.

“ఎరుకే. పేర్లు నాయిన పెట్టినయే గద.”

చేపల పులుసు. పర్ణశాల పోయిన నాడు. సుజాత పుట్టిన వాన. ఆ పదకొండు పేర్లనూ సార్ పటం ముందు సుజాత ఒక్కొక్కటిగా పైకి చదివింది.

గురువుగారూ, మీ డబ్బాల మీద పేర్లు తప్ప ఏమీ మిగల్చలేకపోయిన శిష్యురాలి నమస్కారం అందుకోండి. మూత తీసి చూపించే చెయ్యి నాకిక లేదు.