పెద్దమ్మ తుడిచిన పన్నెండు స్తంభాలు

మా పెద్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి ఒక్క గుట్టును ముప్ఫై ఏళ్లు దాచింది. ఎలా దాచిందో ఆ దేవుడికే తెలియాలి!

ఆవిడ పని రాజుగారి భవనంలో స్తంభాలు తుడవడం. మెట్లెక్కగానే పన్నెండు తెల్లని స్తంభాలు, వాటి నిండా నీలి జీరలు. చూసినవాళ్లంతా పాలరాయి అనుకునేవారు. పాలరాయి కాదు, నా మొహం! లోపల కర్ర చట్రం, పైన సున్నం, ఆపైన రంగు. రాయి రావడం ఆలస్యమై, ఇంట్లో పెళ్లి ముంచుకొస్తే రాజుగారి తాత అలా కానిచ్చేశాడట. నీళ్లు తగలకూడదు, పొడిగుడ్డతోనే తుడవాలి. ఈ సంగతి బయట చెప్పనని పెద్దమ్మ చేత, అంతకుముందు ఆ పని చేసిన ఆవిడ అత్తగారు ఒట్టు వేయించుకుంది.

రాజుగారి మనవలు భవనాన్ని ప్రభుత్వానికి ఇచ్చేస్తే అది బొమ్మల మ్యూజియం అయింది. పెద్దమ్మకు ఉద్యోగం, వెనకవైపు రెండు గదుల ఇల్లు అలాగే ఉంచారు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఒకరోజు బకెట్టు, బ్రష్షు తెప్పించింది.

"స్తంభాలు కడుగు."

"కడగకూడదండీ."

"ఎందుకని?"

పెద్దమ్మ నోరు విప్పితేగా! ఆఫీసరమ్మకు ఒళ్లు మండింది. "సోమవారంలోగా కడగకపోతే ఉద్యోగమూ లేదు, ఇల్లూ లేదు" అంది.

మూడు రోజులు పెద్దమ్మ ముద్ద ముట్టలేదు. "మా అమ్మ పోయి పదేళ్లయిందే, చెప్పెయ్!" అని పెదనాన్న బతిమాలాడు. వింటేనా? నాకు చిర్రెత్తుకొచ్చింది. "రాజుల పరువు నీ నెత్తినెందుకే పెద్దమ్మా! వాళ్లెక్కడో హాయిగా ఉన్నారు, నువ్విక్కడ సామాను సర్దుకో!" అని అరిచాను.

సోమవారం ఆఫీసరమ్మ తనే తడిబ్రష్షు ఎత్తింది. పెద్దమ్మ పరుగున వెళ్లి అడ్డంపడింది.

"అది రాయి కాదమ్మా, సున్నం!" అంటూ వేలితో కొట్టి చూపించింది. డొల్లగా మోగింది.

ఆఫీసరమ్మ బ్రష్షు దూరంగా పడేసింది. "అమ్మో, ఎంత పని చేసేదాన్ని!" అని గుండెలమీద చెయ్యి వేసుకుంది. ఆ జీరలను దగ్గరగా చూసి, "రాయి ఎవరైనా పెడతారు. సున్నంతో ఇంత పనితనమా? ఈ సంగతి రాసి ఇక్కడే బోర్డు పెడదాం. ఇకమీదట వీటిమీద మీరు తప్ప ఎవరూ చెయ్యి వెయ్యరు" అంది.

పెద్దమ్మ ఇంటికొచ్చి మూడు రోజుల అన్నం ఒక్కపూటే తినేసి, ఆనక వెక్కివెక్కి ఏడ్చింది.

"ఉద్యోగం నిలబడిందిగా, ఇంకా ఏడుపెందుకే?" అన్నాను.

"ఎంత మంచి రాయో అని అందరూ అంటుంటే, నవ్వుతూ తలూపేదాన్నే" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆ జీరలన్నీ చేత్తో వేసింది మీ పెదనాన్న వాళ్ల తాత. హమ్మయ్య, ఇన్నాళ్లకి నోరారా చెప్పుకోవచ్చు."