ఎండ ఉంది, కరెంటు లేదు

మా నాన్న ఊపిరి కరెంటు మీద నడవడం మొదలై రెండేళ్లు దాటింది. ఆయన మంచం పక్కన చిన్న బీరువా అంత మిషను ఉంటుంది. గదిలోని గాలి లాక్కుని, అందులోంచి ఆక్సిజన్ వేరు చేసి, సన్నటి గొట్టంలోంచి ఆయన ముక్కుకి పంపుతుంది. అది గుర్రుమంటున్నంతసేపూ ఇంట్లో ఎవరి పని వాళ్లం చేసుకుంటాం. ఆగితే మాత్రం ఎక్కడివాళ్లం అక్కడే నిలబడిపోతాం.

నాన్న బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లోనే పుట్టాడు. తాత శ్రీకాకుళం దిక్కు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న ఆవిరి ఇంజన్లలో ఫైర్‌మన్‌గా చేరి, ఏళ్ల తరబడి పారతో పొయ్యిలోకి బొగ్గు విసిరాడు. తర్వాత డీజిలు బళ్లు నేర్చుకున్నాడు, ఆ తర్వాత కరెంటు బళ్లు నడిపి రిటైరయ్యాడు. రైల్వే ఆసుపత్రి డాక్టరు, "సిగరెట్లు తాగేవారా?" అని అడిగితే, "ముట్టనేదండీ. ఇంజనే నన్ను తాగేసినాది" అన్నాడు.

నా భర్త గూడ్సు బండి గార్డు. ఎక్కువగా బొగ్గు బళ్ల మీదే డ్యూటీ. గనుల వైపు నుంచి బొగ్గు ఎక్కించుకుని పవర్ స్టేషన్లకి తీసుకుపోయే బళ్లవి. ఇంటికి రాగానే పెరట్లో నిలబడి మెడ వెనకాల నలుపు వదిలేదాకా రుద్దుకుంటాడు. దేశానికి కావలసిన కరెంటు ఇకమీదట ఎక్కువగా ఎండ నుంచీ గాలి నుంచీ తీస్తారనీ, పాత బొగ్గు స్టేషన్లు ఒక్కొక్కటే మూతపడతాయనీ టీవీలో చెప్పిన రోజు ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బొగ్గు నేకపోతే మా బళ్లు ఏటి మోస్తాయి మావయ్యా?"

"ఆవిరింజను పోనాదని మేం సచ్చిపోనామా?" అన్నాడు నాన్న. "మాకు డీజిలు నేర్పినారు. మీకూ ఏటో ఒకటి నేర్పుతారు. బొగ్గు పోతే పోనీ. దాని రుసి నాకు తెలుసు."

అలా మా ఇంట్లో ఆ కబురుకి భయపడనివాడు ఆయనొక్కడే. నేను పాఠాలు చెప్పే ఝపటాపూర్ స్కూల్లో టీచర్లు కూడా అదే మాట్లాడుకునేవారు. బొగ్గు తగ్గితే బళ్లు తగ్గుతాయి, బళ్లు తగ్గితే ఈ ఊళ్లో మనుషులు తగ్గుతారు అని. నేను విని ఊరుకునేదాన్ని. నా ఆలోచనంతా ఇంటి కప్పు మీద ఉండేది. ప్రభుత్వం సాయం చేసి ఇళ్ల మీద సోలార్ పెట్టిస్తోందని తెలిసింది. ఇందా అనే పేట దాటాక మాకు సొంత ఇల్లుంది, చదునైన డాబా ఉంది, ఎండకి కొదవ లేదు. కాంట్రాక్టరు మనిషి వచ్చి డాబా కొలిచి, "ఇక కరెంటు గురించి టెన్షన్ ఉండదు దీదీ" అన్నాడు. ఆయన అన్నది బిల్లు గురించి. నేను విన్నది నాన్న ఊపిరి గురించి.

సోలార్ పలకలు బిగించారు. కొన్నాళ్లకి మా పాత ఇన్వర్టరు బ్యాటరీ చచ్చిపోయింది. సోలార్ ఉంది కదా అని కొత్తది వేయించలేదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడే చిన్న ఆక్సిజన్ సిలిండరు మాత్రం మంచం కింద ఉంచాం.

తుఫాను వచ్చిన రోజు నా భర్త డ్యూటీలో ఉన్నాడు. ఆయన బండిని దారిలో ఏదో చిన్న స్టేషన్లో ఆపేశారని ఫోను వచ్చింది. ఆ తర్వాత ఫోన్లు పనిచేయలేదు. తెల్లవారుజామున కరెంటు పోయింది. సిలిండరు గొట్టం నాన్న ముక్కుకి తగిలించాను. బయట రేకులు ఎగురుతున్న చప్పుడు. ఆయన మాత్రం నిబ్బరంగానే ఉన్నాడు.

"తెల్లారనీ. ఎండొస్తాది. ఎండొస్తే మిషనాడతాది."

నిజంగానే ఎండ వచ్చింది. తుఫాను వెళ్లిపోయాక వచ్చే ఎండ ఎంత తెల్లగా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. కిటికీలోంచి మంచం మీదికి పడింది. నేను మిషను స్విచ్చి వేశాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. తీసి మళ్లీ వేశాను. ప్లగ్గు ఊడబీకి మళ్లీ పెట్టాను. ఫ్యానూ లేదు, లైటూ లేదు. నాన్న నా చేతుల్నే చూస్తున్నాడు.

మెట్లెక్కి డాబా మీదికి పరుగెత్తాను. ఒక్క పలక కూడా కదల్లేదు. వాన కడిగిన అద్దాల మీద ఎండ కళ్లు చెదిరేలా మెరుస్తోంది. చెయ్యి ఆనిస్తే కాలింది. ఇంత వేడి ఉంది, కింద గదిలో నాన్నకి ఊపిరి లేదు. పలకల కరెంటుని ఇంట్లోకి పంపే పెట్టె గోడకి బిగించి ఉంది, దాని మీద ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది.

డాబా మీది గదిలో ఒక కుర్రాడు అద్దెకుంటాడు. వరంగల్ దగ్గరి నుంచి ఇక్కడి ఇంజనీరింగ్ సంస్థలో రీసెర్చి చేయడానికి వచ్చాడు. గదిలోకి వచ్చిన నీళ్లు చీపురుతో తోస్తున్నవాడు నా మొహం చూసి చీపురు పడేశాడు.

"బాబూ, ఈ పెట్టెకి ఏటయినాది? ఎండ ఇంతుంటే కరెంటు రాదేటి?"

అతను ఎర్రదీపం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "లైన్ల కరెంట్ లేకపోతే ఇది కూడా బందైతది ఆంటీ. గట్లనే చేస్తరు. బ్యాటరీ లేదు కదా."

"బందవడమేటి? మాకు చెప్పనేదే! దాన్ని ఏదో ఒకటి సేసి యెలిగించు బాబూ, నీకు తెలుస్తాది. నాన్న కింద..."

"నాతోని కాదు ఆంటీ. ఒకవేళ అయినా చెయ్యొద్దు. ఇక్కడి కరెంట్ పోయి ఆ తీగలల్ల పడితే..." అని వీధి చివరికి చెయ్యి చూపించాడు.

అక్కడ వేపకొమ్మ విరిగి తీగల మీద పడి ఉంది. కరెంటు ఆఫీసు మనిషి ఒకడు స్తంభం ఎక్కి, నడుముకి పట్టీ కట్టుకుని, తీగల మధ్య చేతులు పెట్టి కొమ్మ నరుకుతున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆ పెట్టె ఎందుకు ఆగిపోయిందో అప్పుడు అర్థమైంది. ఆ మనిషిని కాపాడటానికే ఆగింది. కానీ చెప్పొద్దూ, ఆ క్షణాన నా కంటికి ఆ మనిషి చాలా దూరంగా, నాన్న చాలా దగ్గరగా కనిపించారు. నాలో లేచిన ఆలోచనకి నాకే భయం వేసి, డాబా గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఇద్దరం కిందికి పరుగెత్తాం.

నాన్న మంచం మీద ముందుకి వంగి, రెండు చేతులూ తొడల మీద ఆనించి కూర్చున్నాడు. పెదాలు నేరేడు పండు తిన్నట్టు అయిపోతున్నాయి. సిలిండరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది. ఎక్కువసేపు రావాలని గాలి తగ్గించి పెట్టాను. పెంచితే అయిపోతుంది, పెంచకపోతే ఆయన అయిపోయేలా ఉన్నాడు.

మా పక్కింట్లో బెంగాలీ దాదా ఉంటాడు. టోటో తోలుతాడు. బ్యాటరీ మీద నడిచే ఆ ఆటోలు మా ఊళ్లో సందుసందునా కనిపిస్తాయి. నా అరుపు విని ఆయన వచ్చాడు.

"కాకూని ఆసుపత్రికి తీసుకెళ్దాం దీదీ. ముందు దారి చూసొస్తాను" అని బండి తీశాడు. వెళ్లినంత వేగంగానే తిరిగి వచ్చాడు. ఇందా వైపు స్తంభం అడ్డంగా పడింది. రెండో వైపు నడుం లోతు నీళ్లు. ఆ నీళ్లలో ఒక బస్సు ఆగిపోయి ఉందట.

నాకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన చర్చి కీర్తనలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. "ప్రభువా, ప్రభువా" తప్ప ఇంకో మాట రాలేదు.

నాన్న చెయ్యెత్తాడు. ఏదో చెప్పాలని చూస్తున్నాడు. వంగి చెవి పెట్టాను.

"బయపడకు... బండి... ఆగుతాది... మల్లీ కదుల్తాది..."

ఆయన్ని చూడలేక కుర్రాడు తల పక్కకి తిప్పుకున్నాడు. అప్పుడు అతని కళ్లు గోడ మీద పడ్డాయి. పాత ఇన్వర్టరు అక్కడే మేకుకి వేలాడుతోంది, దాని తీగలు ఖాళీగా కిందికి దిగి ఉన్నాయి. అతను ఆ తీగల వైపూ, వాకిట్లో ఉన్న టోటో వైపూ చూశాడు.

"దాదా, మీ బండి బ్యాటరీ చార్జింగ్ ఉందా?"

దాదాకి తెలుగు సగమే తెలుసు. అయినా ఆ మాట పూర్తి కాకముందే సీటు ఎత్తుతున్నాడు. "నిన్ననే ఫుల్ చేసి పెట్టాను. నాలుగున్నాయి. తీస్కో, తీస్కో."

ఒక్కో బ్యాటరీ ఇద్దరు మోయాల్సినంత బరువు. మొదటిది మంచం పక్కకి తెచ్చారు. కుర్రాడు ఇన్వర్టరు తీగల కొసలు గోకి శుభ్రం చేశాడు. "నాది సివిల్ ఆంటీ" అన్నాడు, క్షమించమన్నట్టు. ఎర్ర తీగ ఎటు, నల్ల తీగ ఎటు అని ఇద్దరూ బెంగాలీ, హిందీ, తెలుగు కలిపి వాదించుకున్నారు. తీగ తగలగానే చిటుక్కున నిప్పురవ్వ లేచింది. నేను కెవ్వుమన్నాను. ఇన్వర్టరు కీచుమని అరిచింది. తర్వాత పచ్చదీపం.

మిషను స్విచ్చి నేనే వేశాను. ముందు ఒక పెద్ద కూత, లోపల ఏదో చెడిపోయిందేమో అనిపించేంత పెద్దది. ఆ తర్వాత గుర్రు మొదలైంది. గొట్టం మార్చి నాన్న ముక్కుకి పెట్టాను. ఆయన పెదాల రంగు తిరిగి వచ్చేదాకా నేను నేల మీదే కూర్చుండిపోయాను. దాదా తలుపు దగ్గర నిలబడి, "చింతా కొరో నా దీదీ, దిగులు పడకు" అంటూ తన కళ్లే తుడుచుకుంటున్నాడు.

భయం మాత్రం అక్కడితో అయిపోలేదు. ఇన్వర్టరు మళ్లీ కీచుమన్నప్పుడల్లా బ్యాటరీ అయిపోయిందని అర్థం. అది తీసి ఇంకొకటి పెట్టే లోపల మళ్లీ సిలిండరు. ప్రతిసారీ ముల్లు ఇంకాస్త కిందికి. మూడో బ్యాటరీ ముందరి రెండిటి కన్నా తొందరగా దిగిపోయింది. మధ్యాహ్నమంతా ఎండ మా డాబా మీద మండుతూనే ఉంది. కింద మేం టోటో పొట్టలోంచి తీసిన కరెంటుని చుక్కచుక్కగా తాగుతున్నాం. నేను గుమ్మానికీ మంచానికీ మధ్య తిరుగుతూ స్తంభం మీది మనిషిని చూస్తున్నాను. పొద్దున అతన్ని మరిచిపోబోయాను. ఇప్పుడు అతని చెయ్యి జారకూడదని, అతనికి దాహం వేయకూడదని, అతను దిగి ఇంటికి పోకూడదని కోరుకుంటున్నాను. మంచినీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. అతను తాగి, మూతి తుడుచుకుని, "ఇంకాస్సేపు దీదీ" అన్నాడు.

ఆఖరి బ్యాటరీ నడుస్తుండగా, పొద్దు వాలుతున్న వేళ, వీధి వీధంతా ఒక్కసారి కేకేసింది. మా ఇంట్లో ఫ్యాను తిరిగింది. కాసేపటికి డాబా మీది పెట్టెలో కూడా పచ్చదీపం వచ్చిందని కుర్రాడు పైనుంచి అరిచి చెప్పాడు. అప్పటికి ఎండ ఎర్రబడి గోడల మీద మాత్రమే మిగిలింది.

మర్నాడు నా భర్త గమ్‌బూట్లతో, ఎర్రబడ్డ కళ్లతో ఇంటికి చేరాడు. జరిగింది విని, బూట్లయినా విప్పకుండా వెళ్లి నాన్న మంచం పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత కాంట్రాక్టరు మనిషిని పిలిపించాం. పోట్లాడాలనే అనుకున్నాం. అతను నాన్నని చూసి, మిషనుని చూసి, "ఈ సంగతి మీరు చెప్పలేదు, నేను అడగలేదు" అన్నాడు. నిజమే. పెట్టె మార్చి, దానికి బ్యాటరీలు కలిపించాం. ఇప్పుడు లైన్లో కరెంటు పోయినా మిషను ఆగదు. అయినా నాన్నలో ఏదో మారిపోయింది. మండే బాయిలరు ముందు నిలబడి బతికిన మనిషి, మిషను చప్పుడులో చిన్న తేడా వస్తే నా చెయ్యి పట్టుకుంటాడు. కిటికీ కాస్త నీడపడితే, "మబ్బు పట్టినాదేటే?" అని అడుగుతాడు. నేను బయటికి వెళ్లి చూసి వచ్చి చెప్పేదాకా నిద్రపోడు.

బొగ్గు ఉండాలని నేను కోరుకోను. అది ఆయన ఛాతీలో ఏం చేసిందో రోజూ వింటున్నాను. ఎండ మీదికి మారాలి, మారతాం. కానీ పాతదాని చెయ్యి వదిలి కొత్తదాని చెయ్యి అందుకునే మధ్యలో ఎవరి ఊపిరి ఉంటుందో ఎవరైనా చూస్తున్నారా అని భయం. టీవీలో బొగ్గెంత, ఎండెంత అని లెక్కలు చెబుతుంటే ఇప్పటికీ లేచి వెళ్లి బ్యాటరీల దీపం చూసి వస్తాను.

ఈ మధ్య మా దగ్గరి క్లబ్బు హాల్లో సోలార్ గురించి మీటింగు పెట్టారు. ఒక ఆఫీసరు తెర మీద బొమ్మలు చూపిస్తూ బెంగాలీలో చక్కగా చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ఎప్పుడూ మీటింగుల్లో నోరు విప్పినదాన్ని కాదు. లేచి నిలబడ్డాను.

"లైను కరెంటు పోతే ఇది నడుస్తుందా?" అని అడిగాను.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "బ్యాటరీ లేకపోతే నడవదు" అన్నాడు. దాచకుండానే చెప్పాడు. "ముందు ముందు కరెంటు నిలవ చేసే ఏర్పాట్లు పెద్ద ఎత్తున వస్తాయి. ప్రభుత్వం ఆ దిశగానే వెళుతోంది."

హాల్లో గుసగుసలు లేచాయి. చాలామందికి తెలియదు. నేను కూర్చోగానే వెనక కుర్చీలోంచి ఎవరో నా భుజం తట్టారు. తిరిగి చూస్తే మా చర్చిలో దూరంగా చూసిన ముసలావిడ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"అమ్మా, మా ఆయనకీ ఆ మిషనే ఎట్టినారు. మా డాబా మీద కూడా పోయిన్నెల్లో పలకలు బిగించినారు. బ్యాటరీ ఉన్నాదో నేదో నాకు తెల్దు. నువ్వొచ్చి సూస్తావేటి?"

బయట ఆకాశం వైపు చూశాను. సముద్రం దిక్కున నల్లగా కమ్ముకొస్తోంది. మీటింగు అయ్యేదాకా ఆగలేదు. దాదాకి ఫోను చేసి టోటో తెమ్మని చెప్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని లేచాను.