కూర్చున్నందుకు జీతం

పొద్దున షెడ్డు తలుపు తీస్తే మగ్గాల నూనె, గంజి కలిసిన వాసన గుప్పుమంటుంది. ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ధనలక్ష్మక్క ఎదురొచ్చి పలకరించినట్టే ఉంటుంది. నగరిలో నాకు మొట్టమొదట నెలజీతం ఇచ్చిన మరమగ్గాల యజమానురాలు ఆమె.

అప్పట్లో నేను ఎవరి కిందా లేని మెకానిక్కుని. ఏ షెడ్డులో మగ్గం ఆగినా పిలిచేవాళ్ళు. బాగుచేసి, కూలి తీసుకుని వచ్చేసేవాణ్ణి. ఒకసారి అక్క మగ్గాలు మొరాయించిన రోజు నేను పుత్తూరులో వేరే పనిలో చిక్కుకున్నాను. మరునాడు వెళ్తే తిట్టలేదు. "నా దగ్గర జీతానికి ఉండిపో అబ్బా" అంది. నాకు గుబులు పుట్టింది. ఒక్కచోట కుదురుకుంటే మిగతా షెడ్లవాళ్ళు నన్ను మరిచిపోతారు. రేపు ఈమె వద్దంటే నా గతేమిటి? ఆ మాటే అడిగేశాను. "నువ్వు పోతే నా గతేంది? ఆ బయం నాకు మాత్రం లేదా?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వుకే ఒప్పేసుకున్నాను.

జీతమైతే వచ్చింది గానీ, ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. నేసేవాళ్ళకు గజాల లెక్కన కూలి. వాళ్ళు చెమటోడుస్తుంటే కాలు మీద కాలేసుకోవడానికి సిగ్గేసి, బుద్ధిగా ఆడుతున్న మగ్గాన్ని ఆపి, ఊడదీసి, నూనె పెట్టి బిగించాను. అంతే, సాయంత్రం దాకా కదిలితే ఒట్టు! కూలి పోగొట్టుకున్న నేతగాడు నన్ను నమిలి మింగేలా చూశాడు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమబ్బా, పని లేకపోతే పుట్టిస్తావా? నువ్వు ఊరికే కూసున్నావంటే నా మగ్గాలు ఆడతా ఉండాయని. ఆ కూసునేదానికే జీతం! పో, టీ తాగి రా." షెడ్డంతా గొల్లున నవ్వింది.

కొన్నాళ్ళకు మా షెడ్డులో నేసే లుంగీలకు గిరాకీ పడిపోయింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. గజాల కూలివాళ్ళు వేరే పనులు వెతుక్కుంటూ పోయారు. వాళ్ళందరినీ నిలబెట్టుకునే శక్తి ఆమెకు లేదు. ఆగిన మగ్గాలకు మెకానిక్కెందుకు? నా వంతు వచ్చిందనుకుని నేనే వెళ్ళి, "అక్కా, ఇక జీతం వద్దు, పని ఉన్నప్పుడే పిలువు" అన్నాను.

ఆమెకు కోపమొచ్చింది. "నష్టమొచ్చినప్పుడు వదిలేసేదానికైతే నిన్ను జీతానికి ఎందుకు పెట్టుకుంటానబ్బా? పోయి నీ పని సూసుకో."

గిరాకీ తిరిగొచ్చేదాకా నా జీతం ఆగలేదు. ఎంత తేలిగ్గా అనేసిందో, ఏ జంకూ లేని మనిషి అనుకున్నాను. ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాను.

ఇప్పుడు నాకూ సొంత మగ్గాలున్నాయి, జీతానికి ఒక మెకానిక్కు ఉన్నాడు. ఈ నెల ఆర్డర్లు లేవు. అతన్ని పిలిచినప్పుడు వచ్చే కూలికి మార్చమని నా భార్య పోరుతోంది. ఆమె చెప్పేదీ తప్పు కాదు. నిన్న అతనే వచ్చి బెరుగ్గా నిలబడ్డాడు. "యాడికీ పోవద్దప్పా, ఈడే ఉండు" అనేశాను, అక్క అన్నంత తేలిగ్గా. అతను అటు తిరగగానే నా గుండె దడదడలాడింది. ఆ రోజు అక్కకూ ఇలాగే కొట్టుకుని ఉంటుందని అప్పుడు గానీ నాకు తెలియలేదు.