గోలీ ఎడమకాలి ప్యాడ్

ఆరా మేస్త్రీ అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. కుట్టుమిషను సూదికి లొంగని సరుకేదైనా ఆయన దగ్గరికే వచ్చేది. మోటారుసైకిలు సీట్లు, పోస్టుమాన్ సంచులు, పట్టీలు తెగిన సూట్‌కేసులు. వాటితోపాటు ఊరి జూనియర్ అమ్మాయిల హాకీ జట్టులో గోల్ కాసే గోలీ కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు. మేస్త్రీ పోయి నాలుగేళ్ళవుతోంది. ఆ దుకాణంలో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. అయినా ఎవరైనా ఒక వస్తువును తిరగేసి మరగేసి చూస్తుంటే, "ఏంటా చూపు, ఆరా మేస్త్రీలా" అనడం ఆ వీధిలో ఇంకా పోలేదు.

ఆయనకు అనుమానం ఊపిరితో సమానం. దారిన పోయేవాడు టైమెంతయిందని అడిగితే, "ఎందుకు?" అని ఎదురడిగేవాడు. పాలు పొంగితే పొయ్యి వంక చూసేవాడు. అద్దంలో చూసుకునేటప్పుడు కూడా తన మొగుడు "ఎవడ్రా నువ్వు" అన్నట్టే చూస్తాడని ఆయన భార్య చెప్పి నవ్వేది. ఆ గుణమే చేతిలోకి దిగి పనితనమైంది. సంచి పట్టీ చూసి పోస్టుమాన్‌కు ఏ భుజం నొప్పో చెప్పేవాడు. సీటు అరుగుదల చూసి, బండి వెనక రోజూ కూర్చునేది భార్యో కాదో చెప్పగలడని ఒక పుకారుండేది. అందుకని కొందరు పెద్దమనుషులు సీట్లు పక్క ఊళ్ళో కుట్టించుకునేవారు.

మేస్త్రీ బతికున్న రోజుల్లో, ఊరి జట్టు పదకొండేళ్ళకు మళ్ళీ జూనియర్ ఛాంపియన్‌షిప్‌లో ఫైనల్‌కు ముందరి ప్లేఆఫ్ దాకా వచ్చిన వారం అది. ఆదివారం నాలుగింటికి ఆట. అవతలి జట్టుది బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న పట్నం. ఆ వారమంతా ఊళ్ళో ఎవరూ "గెలుస్తాం" అనకూడదు, "ఆడతాం" అనాలి. నోరు జారినవాడు మొదటి సగమంతా నిలబడి చూడాలి. శుక్రవారానికే సెలూన్‌లో తొమ్మిదిమంది నిలబడాల్సినవాళ్ళు తేలారు. నియమం పెట్టిన సెలూన్ ఆయనే అందులో మొదటివాడు.

ఊరి ఆశంతా గోలీ మీద. లిఫ్టు మెకానిక్ కూతురు, పదిహేడేళ్ళ పిల్ల. ఆరు ఆటల్లో రెండే గోల్స్ వదిలింది. బంతిని ఆపినప్పుడల్లా జనం "గడియ పడింది" అని అరిచేవారు. చివరికి ఆ పిల్ల పేరే గడియ అయిపోయింది.

శుక్రవారం పొద్దున దుకాణం తలుపు తీస్తుండగానే గడియ ప్యాడ్లు మోసుకొచ్చింది. ఎడమదాని పట్టీ ఒకటి ఊడిపోతోంది, కుట్టమంది. కుట్టేటప్పుడు మోకాలి దగ్గర లోపల ఇంకో వరస స్పాంజి వెయ్యమంది. మేస్త్రీ కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"కుడిదానికి వద్దా?"

"వద్దు బాబాయ్. ఎడమదానికే."

తర్వాత గొంతు తగ్గించి, "ఎవరితో అనకు. కోచ్‌గారితో కూడా" అంది.

దెబ్బేదో తగిలి ఉంటుంది, కమిలి ఉంటుంది, అనుకున్నాడు మేస్త్రీ. అడగలేదు. లోకంలో అందరి మీదా అనుమానపడే మనిషి, ఆ పిల్ల తన ఒక్కడికే రహస్యం చెప్పిందన్న మురిపెంలో ఆమెను మాత్రం అనుమానించడం మరిచాడు. ఈ సంగతి బయటికి పొక్కితే అవతలి పట్నంవాళ్ళు ప్రతి బంతీ ఎడమ పక్కకే కొడతారు. అందుకని ఆ రోజు మధ్యాహ్నందాకా దుకాణంలోకి వచ్చిన ప్రతివాడూ ఆయన కంటికి గూఢచారిలాగే కనబడ్డాడు. పేపరు ఏజెంటు "పిల్లలంతా బాగున్నారా" అంటే, "ఏ పిల్లలు?" అన్నాడు. పోస్టుమాన్ ప్యాడ్ల మీద సంచి పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

అలాంటి మధ్యాహ్నం ఇంటికి అన్నానికి వెళ్ళేసరికి, గుమ్మంలో బావమరిది చెప్పులు కనబడ్డాయి.

బావమరిది అంటే భార్యకు తమ్ముడు. అవతలి పట్నంలో ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. మూడేళ్ళుగా ఈ గడప తొక్కలేదు. మూడేళ్ళ కిందట మేస్త్రీ పక్కనే కూర్చుని ఆట చూస్తూ, అవతలివాళ్ళు గోల్ కొడితే చప్పట్లు కొట్టాడు. సొంత ఊరి స్టాండులో, బావ పక్కన కూర్చుని. మేస్త్రీ ఆ రోజు అన్న మాటలకు వాడు ఆట మధ్యలోనే లేచిపోయాడు. ఇప్పుడు ప్లేఆఫ్‌కు రెండు రోజుల ముందు, పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చున్నాడు. అక్క ముఖం వెలిగిపోతోంది. మేస్త్రీకి ముద్ద దిగలేదు.

అన్నం తింటూ బావమరిది అటుదిటూ ఇటుదటూ మాట్లాడాడు. ఎండల గురించి, బస్సుల గురించి. చివరికి నీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకుని, దాంట్లోకి చూస్తూ, "మీ గోలీ ఎలా ఉంది బావా?" అన్నాడు.

"ఉక్కుముక్క" అన్నాడు మేస్త్రీ.

"కాళ్ళవీ..."

"రెండు కాళ్ళూ ఉన్నాయి. లెక్కపెట్టి చూశాను."

అక్క నవ్వింది గానీ తమ్ముడు నవ్వలేదు. ఆ నవ్వకపోవడంతో మేస్త్రీకి ఖాయమైపోయింది. పంపి ఉంటారు వీణ్ణి. అవతలి పట్నంవాళ్ళే పంపి ఉంటారు.

సాయంత్రం దుకాణానికి వెళ్ళి ఎడమ ప్యాడ్‌ను పాత దుప్పట్లో చుట్టి, చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాడు. కుడిది దుకాణంలో బల్ల మీదే వదిలేశాడు. ఒక కాలికే ఈ దాపరికమేంటని భార్య అడిగింది. ఆడవాళ్ళకు ఆట గురించి ఏం తెలుసన్నాడు. ఆడేది ఆడపిల్లలే కదా అని ఆమె అంది.

శనివారం పొద్దున్నే బావమరిది దుకాణానికి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. బల్ల మీద ఒంటరిగా పడి ఉన్న కుడి ప్యాడ్ వంక చూశాడు.

"ఎడమదేది బావా?"

మేస్త్రీ చేతిలో దబ్బనం ఆగింది. దాచాలనుకున్నవాడు రెండూ దాచాలి, లేకపోతే రెండూ వదిలెయ్యాలి. ఊరంతా వచ్చిపోయే దుకాణంలో ఒకటే ఉంచి, రెండోది ఏ కాలిదో చూసినవాళ్ళందరికీ తనే చెప్పాడు. సెలూన్ ఆయన కూడా రాత్రి దుకాణం మూసే వేళకు అటు పోతూ తొంగిచూసి, ఎడమదానికి ఏమైందని అడిగినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఎవరు పంపారు నిన్ను?" అన్నాడు.

ఆసుపత్రిలో తన గదిలోకి ఎవరొచ్చారో బయట చెప్పకూడదన్నాడు బావమరిది. చెబితే ఉద్యోగం పోతుందని కాదు, చెప్పకూడదు కాబట్టి చెప్పనన్నాడు. ఆ గదికి వచ్చినవాళ్ళు సొంత ఊళ్ళో ఎవరికీ తెలియకూడదనే రెండు గంటలు బస్సెక్కి వస్తారన్నాడు. ఇంతవరకూ చెప్పి లేచి నిలబడ్డాడు.

"బావా, రేపు మా వాళ్ళు గెలవాలనే నాకూ ఉంది. దాచను. అందుకే నా మాట నువ్వు నమ్మవని తెలుసు. నన్ను నమ్మొద్దు. ఆ ప్యాడ్ ఒకసారి ఇలా పెట్టుకుని చూడు. నేను చూసింది నీకూ కనబడుతుంది."

పదకొండు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు. అక్క కట్టిచ్చిన పొట్లం కూడా మరిచిపోయాడు.

మేస్త్రీ ఒంటిగంట వరకూ ఆ మాటల్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. గోలీని ఆట నుంచి తప్పిస్తే లాభం ఎవరికి? అవతలి పట్నానికే. ఎంత చక్కగా అల్లాడు. చెప్పీ చెప్పకుండా చెప్పి, ముల్లు గుచ్చి పోయాడు. అయినా భోజనానికి ఇంటికి వెళ్ళినవాడు తినకుండా స్టూలేసుకుని అటక మీదిది దించాడు. వరండాలో వెలుతురున్న చోట కూర్చున్నాడు. దుకాణం నుంచి కుడిదీ తెప్పించుకుని పక్కన పెట్టుకున్నాడు.

మోకాలి పట్టీకి కొసనుంచి లెక్కపెడితే ఐదు చిల్లులుంటాయి. పోయిన నెలలో తను కుట్టినప్పుడు బకిల్ నాలుగో చిల్లులో పడేది, ఆ గుర్తు తోలు మీద నల్లగా ఉంది. ఇప్పుడు కొత్త గుర్తు రెండో చిల్లు దగ్గరుంది. కాలు రెండు చిల్లుల మేర లావైంది. కమిలిన కాలు నెల రోజులు లావుగా ఉండదు. తర్వాత, పోయిన నెల తను కొత్త గుడ్డ వేసిన కింది అంచులు చూశాడు. కుడిదాని అంచు గుడ్డ చిరిగి స్పాంజి బయటికి వస్తోంది. ఎడమదాని అంచు కొత్తదానిలా ఉంది. అంటే ఆ పిల్ల నెల నుంచి కుడి మోకాలి మీదే కిందికి దిగుతోంది. జనం గడియ పడిందని అరుస్తున్నప్పుడల్లా ఆ గడియ ఒక వైపే పడుతోంది.

ఇదంతా శుక్రవారం పొద్దున తన చేతిలోనే ఉంది. ఊళ్ళోవాళ్ళందరి ముఖాలూ చూశాడు, చేతిలో ఉన్నది చూడలేదు.

స్పాంజి వెయ్యలేదు. పట్టీ మాత్రం కుట్టాడు, కుట్టకపోతే నిద్ర పట్టదు కాబట్టి.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గడియ వచ్చింది. వీధిలో అప్పటికే జెండాలు కట్టేశారు. సెలూన్ ఆయన గుమ్మంలో నిలబడి ఆ పిల్లకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఆమె లోపలికొచ్చి ఎడమ ప్యాడ్ అందుకుని, వేళ్ళతో లోపల నొక్కి చూసింది.

"స్పాంజి వెయ్యలేదేంటి బాబాయ్?"

మేస్త్రీ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "ఆ గోడ పక్కన కూర్చో. నీ గోల్‌లో కూర్చుంటావే, అలా. చెయ్యి ఆనకుండా లే. లేస్తే ఇప్పుడే వేసిస్తా, పది నిమిషాల పని."

ఆ పిల్ల ఆయన వంక చూసింది. తర్వాత కూర్చుంది. లేవబోయింది. సగంలో ముఖం తెల్లబడి, చెయ్యి గోడ మీద పడింది. ఇద్దరూ ఆ చేతి వంక చూశారు.

"ఎక్స్‌రే తీసిన మీ బావమరిది చెప్పాడు కదూ" అంది.

"వాడు నోరు విప్పలేదు. నీ పట్టీ చెప్పింది."

ఆమె ఏడవలేదు. వేగంగా మాట్లాడింది. ఈ ఒక్క ఆట ఆడితే ఫైనల్‌కు మూడు వారాల వ్యవధి ఉందంది. నాన్న అప్పుడే మేనత్తలందరికీ ఫోన్లు చేశాడంది. ఇప్పుడు తప్పుకుంటే ఊరు తనను ఏమంటుందో తెలుసా అంది.

"తెలుసు" అన్నాడు మేస్త్రీ. "ఎంతైనా అంటారు. నేనూ అందులోవాణ్ణే కదా."

కొంచెం ఆగి అన్నాడు: "తోలు తెగితే నేను కుడతానమ్మా. మోకాలికి నా దగ్గర సూది లేదు. కోచ్‌తో నేను చెప్పను, చెప్పాల్సింది నువ్వు. అక్కడిదాకా తోడొస్తా. ప్యాడ్లు నేను మోస్తా."

వీధి పొడుగునా ఇద్దరూ నడిచారు. ఆ పిల్ల ముందు, ప్యాడ్లతో మేస్త్రీ వెనక. జనం చప్పట్లు కొట్టారు. మైదానం గేటు దగ్గర ఆమె ప్యాడ్లు తీసుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళింది.

మూడున్నరకు స్టాండు నిండిపోయింది. మైకులో జట్టు చదివారు. గోలీ దగ్గర రెండో అమ్మాయి పేరు వినబడింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గుసగుస మొదలై, వరస వరసా దిగుతూ మేస్త్రీ కూర్చున్న చోటికి వచ్చి ఆగింది. ప్యాడ్లు ఎవరి దగ్గరున్నాయి? అవతలి పట్నం బావమరిది ఎవరింట్లో దిగాడు? పొద్దున తలుపు వేసి ఆ పిల్లతో అంతసేపు ఏం మాట్లాడాడు? ఒక్కొక్క ముక్కా నిజమే. అన్నీ కలిపి కుడితే అతుకు కనబడనంత బాగా కుదిరింది. తనైనా అలాగే కుట్టేవాడని మేస్త్రీకి అనిపించింది.

సెలూన్ ఆయన ముందువరస నుంచి వెనక్కి తిరిగాడు.

"మేస్త్రీ, ఏం చేశావయ్యా ఆ పిల్లను?"

జవాబు ఉంది. కానీ ఆ జవాబు ఆ పిల్ల మోకాలు. ఎప్పుడు, ఎవరితో చెప్పాలో ఆమె ఇష్టం. మేస్త్రీ పక్కనున్న పేపరు ఏజెంటు మెల్లగా లేచి రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. ఇటుపక్కనున్నవాడు టవల్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆట మొదలవడానికి ఐదు నిమిషాలుంది. గడియ ట్రాక్‌సూట్‌లో వచ్చి, కుంటుతూనే నడిచి, బెంచీ చివర కూర్చుంది. ఆ కుంటు కొందరు చూశారు, కొందరు చూడలేదు. ఆమె మేస్త్రీ వంక చూసి, కాలు తీసి ఎదుటి కుర్చీ మీద చాపుకుంది.

మేస్త్రీ లేచాడు. మెట్లు దిగాడు. కంచె పక్కగా, గోల్ వెనకనుంచి, మైదానం చుట్టూ నడిచి అవతలివాళ్ళ స్టాండులోకి వెళ్ళాడు. ఊరి స్టాండంతా ఆయన వీపు వంకే చూస్తోందని ఆయనకు తెలుసు. ఏమనుకుంటోందో కూడా అక్షరం పొల్లుపోకుండా తెలుసు. మూడో వరసలో బావమరిది ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బావను చూసి కంగారుగా జరిగాడు. మూడేళ్ళ కిందట వాడు తన పక్కన కూర్చున్నట్టే, మేస్త్రీ వాడి పక్కన కూర్చున్నాడు.

"కూర్చుందా?" అన్నాడు బావమరిది.

"కూర్చుంది."

"ఎవరు చెప్పారు కోచ్‌కు?"

"ఆ పిల్లే చెప్పుకుంది."

బావమరిది తల ఊపాడు. ఊరి గోల్‌లో రెండో అమ్మాయి హెల్మెట్ సరిచేసుకుంటోంది. అంపైర్ గడియారం చూసుకుని విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. మేస్త్రీ ముందుకు వంగాడు.