లయాంగ్‌కు మూతి ఏ వైపు

మా నరాత్ ఊరి పడవల వడ్రంగి కోస్మస్ లెత్సోయిన్ తన జీవితంలో పదిహేడు పడవలు కట్టాడు. పదహారింటికి ముందేదో వెనకేదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. మిగిలిన ఒక్కదాని సంగతి ఎత్తితే మాత్రం తల గోక్కుంటూ సముద్రం వైపు చూసేవాడు. ఆ పడవ పేరు లయాంగ్. అందులో నీళ్ళు తోడేవాణ్ణి నేనే కాబట్టి, దాని కథ నాకంటే బాగా చెప్పేవాళ్ళు లేరు. ఉన్నవాళ్ళు పోయారు.

లయాంగ్ మామూలు పడవ కాదు, బేలాంగ్. అంటే యుద్ధపు పడవ. పొడవు నలభై మందికి సరిపోయేంత, వెడల్పు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మోకాళ్ళు రాసుకునేంత. మా ముత్తాతల కాలంలో మా దీవులకు జాజికాయల కోసం వచ్చిన తెల్లవాళ్ళ కంపెనీ ఓడలు ఇంటింత ఎత్తుండేవి. వాటికి ఫిరంగులుండేవి, మావాళ్ళకు తెడ్లుండేవి. ఓడ మెడ తిప్పుకునేలోపు బేలాంగ్ దాని పొట్ట కిందికి వెళ్ళి, నిప్పంటించిన కొబ్బరిపీచు విసిరేసి, తిరిగి ఇంటికి వచ్చి అన్నం తినేది. కోస్మస్ వాళ్ళ తాత అయితే, వెళ్ళేటప్పుడు పొయ్యి మీద పెట్టిన చేప వచ్చేసరికి మాడేది కాదని చెప్పేవాడట. చేప ఎంత పెద్దదో ఆయన చెప్పలేదు.

ఇప్పుడు యుద్ధాలు లేవు. కొత్త రాజు గద్దెనెక్కే రోజున ఊరికొక బేలాంగ్ పోటీకి దిగుతుంది. గెలిచిన ఊరి పడవే రాజును ఎక్కించుకుని తెస్తుంది. మా పాత బేలాంగ్‌కు చెద పట్టింది. కొత్తది కట్టే పని కోస్మస్ మీద పడింది.

బేలాంగ్ రెండు కొసలూ ఒకేలా పైకి లేచి ఉంటాయి. ముందు కొసకు తెల్ల గవ్వల దండ కడతారు, అదే గుర్తు. కానీ లోపల ఒక నియమం ఉంది. అడుగు దూలంలో చెట్టు మొదలు పడవకు వెనక ఉండాలి, చెట్టు కొస ముందుండాలి. చెట్టు తల ముందు పెట్టుకునే నడవాలి. తిప్పి కట్టిన వడ్రంగి ఇక బతికినంతకాలం చెక్క మీద గొడ్డలి వేయకూడదు. కోస్మస్‌కు గొడ్డలి తప్ప వేరే ఆస్తి లేదు, వేరే పని రాదు.

అవతలి పెద్ద దీవి కొండ మీద చెట్టు కొట్టించి, నిటారైన నడిమి ముక్కను సముద్రంలో రెండు రోజులు లాక్కొచ్చారు. ఒక్క కణుపు లేని దూలం. కోస్మస్ చెట్టు కొట్టిన చోటే, మొదలు వైపున లేత కొబ్బరాకు కట్టి గుర్తు పెట్టుకున్నాడు. ఊరికి రాగానే జ్వరంతో పడి పద్దెనిమిది రోజులు లేవలేదు. లేచి ఒడ్డుకొచ్చి చూస్తే దూలానికి రెండు కొసలా ఆకులున్నాయి.

మా దగ్గర లేత కొబ్బరాకు కట్టినదాన్ని ఎవరూ ముట్టుకోరు. తోటకు కడితే కాయ కోయరు, తీరానికి కడితే చేప పట్టరు. ఆ కట్టుబాట్లు చూసుకునేది పౌలినుస్ తాత. కోస్మస్ నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాడు. దారమూ కొలబద్దా మోసుకుంటూ నేనూ వెళ్ళాను.

"తాతా, దూలానికి రెండో ఆకు కట్టిందెవరు?"

"నేనే. జ్వరం మత్తులో నువ్వు ఒక పక్కే కట్టి ఊరుకున్నావు. మిగతా సగం ఎవడైనా వంటచెరుక్కి నరుక్కుపోతే?"

"చాలా మంచి పని చేశావు. ఇంతకీ నువ్వు కట్టింది ఏ కొసకు?"

"ఆకు లేని కొసకు."

"అది ఏదీ అని."

"ఇప్పుడు రెండింటికీ ఉందిగా, నాకెట్లా తెలుస్తుంది? నీ ఆకు పోలిక నీకు తెలీదా?"

కోస్మస్ ఒడ్డుకు తిరిగొచ్చి చూశాడు. రెండు ఆకులూ ఒకేలా ఎండిపోయాయి.

ఇద్దరం దూలం చుట్టూ దారం వేసి కొలిచాం. రెండు కొసలకూ తేడా లేదు. నీళ్ళలోకి దొర్లించి చూశాం. మొదలు వైపు బరువుగా మునగాలి. పద్దెనిమిది రోజులు ఒడ్డున నానిన దూలం రెండు వైపులా ఒకేలా మునిగింది. కోస్మస్ ఒక కొసను వాసన చూశాడు, రెండో కొసను నాకి చూశాడు. మధ్యాహ్నం అన్నం తెచ్చిన ఆయన భార్య అగుస్తినా కాసేపు నిలబడి చూసింది.

"ఇరవై ఏళ్ళలో నా ముఖం కేసి ఇంతసేపు చూశావా?" అంది.

"నీకు ముందేదో వెనకేదో నాకు తెలుసు కదే."

"సంతోషం. తిన్నాక నాకుదువుగాని."

సంగతి ఊరికి చెబితే ఆ దూలంతో కట్టిన పడవ ఎవరూ ఎక్కరు. ఇంకో చెట్టు తేవడానికి నెలలు పడుతుంది. పోటీకి మిగిలింది మూడు నెలలే. అందుకని మా నలుగురి మధ్యే ఉండిపోయింది. చివరికి దూలం మధ్యలో ఒక పీత ఎక్కి కూర్చుంటే, అది ఏ వైపు దిగితే ఆ వైపే ముందు అని కోస్మస్ నిర్ణయించుకున్నాడు. పీత కుడి వైపు కొసన దిగింది. పీత అడ్డంగా నడుస్తుందనీ, అది ముందుకు పోయిందో పక్కకు పోయిందో ముందు తేల్చుకోవాలనీ నాకు తట్టింది. చిన్నప్పుడు కాన్వెంటులో నోవహు ఓడకు మూతి ఏ వైపని అడిగి సిస్టర్ చేత బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి. ఇలాంటి ప్రశ్నలు అడగకూడదని నాకు అప్పుడే తెలిసింది.

పడవ తయారైంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నీళ్ళలో దింపి తెడ్లు వేస్తే మాత్రం కదలడానికి మనసొప్పని మనిషిలా కదిలింది. అస్తమానం ఎడమకు లాగేది. ఎడమ వైపున దూరంగా చెట్టు కొట్టిన కొండ ఉంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అందరూ ఆ కొండ వైపు మాత్రం చూశారు.

ఎదురు ఊరి పడవకు చుక్కాని పట్టేవాడు ఉస్మాన్, అగుస్తినాకు సొంత అన్న. మా దీవుల్లో ఒకే ఇంట్లో ఒకరు మసీదుకూ ఒకరు చర్చికీ పోతారు. పోటీనాడు తన పడవను మా పక్కకు తెచ్చి ఆపాడు.

"బావా, మీ పడవ ఊరొదిలి రానంటోందా? అలిగి పుట్టింటికొచ్చేటప్పుడు మా చెల్లెలే ఇంతకన్నా వేగంగా నడుస్తుంది."

"నడిపించేవాడి మంచితనం అది," అన్నాడు కోస్మస్.

రేవు నుంచి బయలుదేరి, జలసంధిలో పాతిన వెదురు గుంజను చుట్టి, మళ్ళీ రేవుకు రావాలి. రేవులో కట్టిన తాడును ఎవరి గవ్వలు ముందు దాటితే వాళ్ళు గెలిచినట్టు. గంట మోగింది. మిగతా పడవలు పక్షుల్లా పోయాయి. మేం వెనకబడ్డాం. కోస్మస్ వెనక కొసన నిలబడి చుక్కాని తెడ్డును పొట్టకు ఆనించి కుడికి తోస్తున్నాడు, పడవ ఎడమకు పోతోంది. నేను తోడిన నీళ్ళు నా కాళ్ళ మీదే పోసుకుంటున్నాను. ఎటు పోస్తే ఎటు వంగుతుందో తెలియని పరిస్థితి.

గుంజ దగ్గరికి వచ్చేసరికి ఆటుపోటు మమ్మల్ని రాళ్ళ మీదికి లాగుతోంది. ముందు వెళ్ళిన పడవలు పెద్ద వలయం తిరుగుతున్నాయి. అంత పొడుగు పడవ తిరగాలంటే అంత చోటు కావాలి. మా ముందు చోటు లేదు, రాళ్ళున్నాయి. గుంజను రాసుకుంటూ దాని అవతలికి జారాం. కోస్మస్ ముఖం చూశాను. ఆ ముఖంలో భయం లేదు. తాళంచెవి చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతికేవాడి ముఖం అది.

"తెడ్లు ఎత్తండి," అన్నాడు. "అందరూ ఉన్నచోటే ఇటు తిరిగి కూర్చోండి."

"ఎటు మామా?"

"నా వైపు. మీ తాతలు కంపెనీ ఓడ కింద నుంచి ఎట్లా బయటపడ్డారనుకున్నార్రా?"

నిజమే. పెద్ద ఓడ తిరగాలి. బేలాంగ్ తిరగక్కర్లేదు, మనుషులు తిరిగితే చాలు. నలభై మంది ఒకరి తెడ్డు ఒకరికి తగిలించుకుంటూ, తిట్టుకుంటూ తిరిగి కూర్చున్నారు. కోస్మస్ చుక్కాని భుజాన వేసుకుని, అందరి తొడల మీదుగా నడుచుకుంటూ గవ్వలున్న కొసకు పోయి నిలబడ్డాడు. నా వేళ్ళు తొక్కాడు, ఇప్పటికీ ఒకటి వంకరగానే ఉంది.

తెడ్లు పడ్డాయి. గుంజను మళ్ళీ రెండో పక్కన రాసుకుంటూ పడవ లేచిపోయింది. అంతకంటే ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. ఎడమకు లాగలేదు, కుడికి లాగలేదు. తోడటానికి నీళ్ళు కూడా రాలేదు. ఒక ఎగిరే చేప మాతో పాటు వచ్చి, అలిసిపోయి ఆగిపోయింది. అందర్నీ దాటి ఉస్మాన్ పక్కకు వచ్చాం.

"బావా, అది మీ పడవ వెనకవైపు కదా?" అని అడిగాడు ఉస్మాన్. అతని గొంతులో వేళాకోళం లేదు.

"అనుకున్నాను," అన్నాడు కోస్మస్.

తాడును ముందు దాటింది గవ్వల్లేని మా పడవ కొస. తర్వాత దాటాయి ఉస్మాన్ గవ్వలు. ఆ తర్వాత మా గవ్వలు. ఒడ్డున జనం కేకలేయబోయి ఆగిపోయారు. పందానికి పెద్దగా కూర్చున్న కొత్త రాజు మేనమామ లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు.

"గవ్వల్ని ఎటైనా కట్టుకోవచ్చు," అన్నాడు చివరికి. "చెట్టు కొస ఉన్న వైపే పడవకు మూతి. అది ఎటుందో కట్టినవాడు చెప్పాలి. నీళ్ళలోకి దిగి చెప్పు."

మా దగ్గర మోకాళ్ళదాకా సముద్రంలో నిలబడి అబద్ధం చెబితే సముద్రం తీసుకుపోతుంది. కోస్మస్ దిగాడు. చెట్టు కొస గవ్వల వైపే ఉందంటే ఆయన గొడ్డలి ఆయనకుంటుంది, ఊరు ఓడిపోతుంది. రెండో వైపుందంటే ఊరు గెలుస్తుంది, పడవను తిప్పి కట్టినవాడై గొడ్డలి పోతుంది. ఎనభై కళ్ళు ఆయన వీపు మీదున్నాయి. ఆయన ఈ కొస చూశాడు, ఆ కొస చూశాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

రెండు ఆకుల సంగతి మొత్తం చెప్పాడు, పీతతో సహా. పౌలినుస్ తాత జనంలోంచి తలవూపాడు. "సగం దూలం అట్లా వదిలేస్తానా?" అన్నాడు పక్కవాళ్ళతో.

మేనమామ తీర్పు చెప్పాడు. మూతి తెలియని పడవ గెలవదు గనుక రాజును తెచ్చేది ఉస్మాన్ పడవ. లయాంగ్‌కు మూతి ఏ వైపో తేలేదాకా కోస్మస్ గొడ్డలికి లేత కొబ్బరాకు కట్టాలి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆకు కట్టే పని ఎప్పటిలాగే పౌలినుస్ తాతది.

ఐదు నెలలు ఆ గొడ్డలి గోడకు వేలాడింది. కోస్మస్ రోజూ లయాంగ్ దగ్గరికి పోయి ఒక కొస నుంచి రెండో కొసకు నడిచి, మళ్ళీ ఈ కొసకు వచ్చేవాడు. అగుస్తినా చేపలు ఎండబెట్టి ఇల్లు నడిపింది. ఒకరోజు గొడ్డలి కింద ఊడుస్తూ తల పైకెత్తి చూసింది. చీపురు అక్కడే వదిలేసి పౌలినుస్ తాత ఇంటికి నడిచింది. నేను ఆయన వాకిట్లోనే వల బాగుచేస్తున్నాను.

"తాతా, ఒక మాట. వస్తువుకి ఒక కొసకే ఆకు కడితే, రెండో కొసకు కాపలా ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టే అమ్మా. అది తెలీకే నీ మొగుడు ఇంత చేసుకున్నాడు."

"అందరి ముందూ అడిగినా ఇదే చెప్తావా?"

"నీళ్ళలో దిగి చెప్తాను."

"అయితే సరే," అని ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున కోస్మస్ భుజాన గొడ్డలితో కొండకు పోయే పడవ ఎక్కడానికి రేవుకు వచ్చాడు. తాత చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఆ పిడి ఎక్కడిది?"

"కొత్తది తాతా. రాత్రే చెక్కాను. నువ్వు ఆకు కట్టిన పిడి గోడకే ఉంది, దాన్ని నేను ముట్టుకోలేదు. అగుస్తినా ఇనుము లాగి ఇచ్చింది."

"ఇనుము?"

"దానికి ఆకు లేదు."

తాత ఇనుమును చూశాడు, పిడిని చూశాడు, నన్ను చూశాడు. నేను రేవులో ఆరేసిన నా వల చూసుకున్నాను. ఆయన చేతికర్ర పక్కకు తీశాడు. పడవ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. రెండే వేళ్ళు. ఒకటి ముడిచేవాడు, ఒకటి తెరిచేవాడు.

ఆ గొడ్డలితో కోస్మస్ ఇంకో తొమ్మిది పడవలు కట్టాడు. పాత పిడి, పొడైపోయిన ఆకు చుట్టుకుని, వాళ్ళ గోడకు ఇంకా వేలాడుతోంది. లయాంగ్ రేవు పక్క పాకలో ఉంది. రెండు కొసలా గవ్వలు కట్టాం. ఎక్కేవాళ్ళు ఎటు తిరిగి కూర్చోవాలని ఇప్పటికీ నన్నే అడుగుతారు. పడవ ఎటు పోతే అటు అని చెబుతాను. కొందరు ఇటు కూర్చుంటారు, కొందరు అటు.