పక్కగది నుంచి వచ్చిన కామెంటు

ఆ రోజుల్లో చదువుకోవడం కంటే చదువుకుంటున్నామని నలుగురికీ చెప్పుకోవడం ముఖ్యంగా ఉండేది. ఆ రోజుల్లో అన్నానని లాంతరు దీపాల కాలమేమో అనుకునేరు, అయిదేళ్ళ కిందటి మాటే. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కోకాపేటలో తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు అద్దాల మేడలో ఉద్యోగం. ఉద్యోగమన్నాను గానీ పని ఉందనలేదు, నన్ను బెంచి మీద కూర్చోబెట్టారు. (ప్రాజెక్టు దొరికేదాకా జీతమిచ్చి ఖాళీగా ఉంచడాన్ని మావాళ్ళు బెంచి అంటారు. నిజానికి కూర్చునేది మంచి మెత్తటి కుర్చీలోనే.) బెంచి మీదున్నవాళ్ళు కొత్త విద్యలు నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నట్టు పైవాళ్ళ కళ్ళకు కనపడాలి. రెంటిలో రెండోది సులువుగా తోచి దాన్నే పట్టుకున్నాను.

సోషల్ మీడియాలో ‘వంద రోజుల చదువు’ అని మొదలుపెట్టాను. రోజుకో పోస్టు. ఎవరో రాసిన పాఠం వెతికి, నాలుగు మాటలు అటూ ఇటూ మార్చి, ‘ఈరోజు నేను నేర్చుకున్నది’ అని పెట్టేదాన్ని. దానికో ఫొటో ఉండాలి కదా. తెరిచిన ల్యాప్‌టాప్, పక్కన మూత తీసిన పెన్ను, పొగలు కక్కే కాఫీ. పొగ సరిగ్గా పడేసరికి కాఫీ చల్లారిపోయేది, మళ్ళీ ఇంకోటి తెచ్చుకునేదాన్ని. చదువుకు పది నిమిషాలు, ఫొటోకు ముప్పావుగంట. ‘నీ పట్టుదలకు జోహార్లు’ అంటూ ముక్కూ మొహం తెలియనివాళ్ళు మెచ్చుకుంటుంటే, నిజంగానే ఏదో చదివేస్తున్నానని నాకే నమ్మకం కుదిరింది.

నాకంటే గట్టిగా నమ్మినవారు ఒకరున్నారు, మా నాన్న. చందానగర్‌లో మా ఫ్లాట్‌లో నా గది పక్కగది ఆయనది. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు రాసిన చెయ్యి. సూపరింటెండెంటు కావాలంటే కంప్యూటర్ పరీక్ష ఒకటి గట్టెక్కాలి. అప్పటికే రెండుసార్లు తప్పారు, రిటైరయ్యేలోగా ఇంకొక్క అవకాశమే మిగిలింది. “ఒక్కరోజైనా ఆ కుర్చీలో కూర్చుని దిగిపోవాలే,” అని అమ్మతో అనేవారు. ఆ పరీక్షలో సగం స్ప్రెడ్‌షీట్లు. నా పోస్టులూ వాటి గురించే. ఇంట్లోనే గురువు దొరికిందని నాన్న సంబరపడి, నా పాఠాలన్నీ ఆఫీసు కంప్యూటర్‌లో భోజనాల వేళ చేసి చూసుకునేవారట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

పదకొండో రోజు నేను ‘లుకప్’ గురించి పెట్టాను. పట్టికలో ఒక పేరు వెతికి, దాని ఎదురుగా ఉన్న వివరాన్ని తెచ్చి చూపించే సూత్రం అది. గంటలో కింద ఓ కామెంటు పడింది. ‘కుమారి గారికి. తమరి పదకొండవ రోజు పోస్టు అందినది. అందు ఉదహరించిన సూత్రము, పేరు ఎడమవైపు ఉన్నప్పుడు పనిచేయుచున్నది. పేరు కుడివైపు, వివరము ఎడమవైపు ఉన్నచో పనిచేయుటలేదు. కారణము తెలియజేయవలసినదిగా కోరడమైనది.’ కింద ఇంటిపేరుతో సహా మా నాన్న పేరు, హోదా. నేను పట్టించుకోలేదు. మూడు రోజులాగి ఇంకోటి వచ్చింది. ‘సూచిక: నా పదకొండవ రోజు కామెంటు. ఇంతవరకు జవాబు అందలేదు. రిమైండరు ఒకటి.’

మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టగానే అందరూ నన్ను చూసి ముసిముసి నవ్వులు. మా టీమ్ లీడ్ ఆ కామెంటుకు పగలబడి నవ్వే బొమ్మ పెట్టాడు. పక్కసీటు సిద్దిపేటాయన ఊరుకుంటాడా! “ఏంది మేడమ్, మీ బాపు మీకు మెమో ఇచ్చిండట గద? జల్ది జవాబు రాయుండ్రి, లేకుంటే ఇంట్ల మీ ఇంక్రిమెంటు ఆపుతడు!” తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి అమ్మ మీద పడ్డాను. “నాన్నకేమైనా అడగాలంటే నోటితో అడగొచ్చుగా! ఊరందరి ముందూ ఈ కామెంట్లేంటి?”

“నేనూ అదే అన్నానే. పక్కగదిలోనే ఉంది కదండీ అంటే, ‘చదువుకుంటున్న పిల్లని కదపకూడదు, తీరిక చూసుకుని అదే రాస్తుంది’ అన్నారు,” అంది అమ్మ.

అప్పుడైనా సిగ్గుపడాల్సింది. పడలేదు. ఫోన్ తీసి, నా పోస్టులు ఆయనొక్కరికీ కనపడకుండా చేసేశాను. చాలా తేలిక, ఒక్క నొక్కు. నా చదువు మాత్రం లోకం ముందు దివ్యంగా సాగింది. ఇంట్లో నాన్న పదిహేనో రోజు దగ్గర ఆగిపోయారు. ఓ వారం చూసి, “అమ్మాయికి ఒంట్లో బాగాలేదా? రాయడం మానేసిందేం?” అని అమ్మను అడిగారట. “ఏదో సర్వర్ ప్రాబ్లమని చెప్పు,” అన్నాను. ఆ మాట కూడా నమ్మి, ఉన్న పదిహేను పాఠాలనే తిరగేసుకుంటూ కూర్చున్నారు పాపం.

పరీక్ష రోజు ఆదివారం. స్కూటీ మీద నేనే తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. (కంప్యూటర్ పరీక్షకు పెన్నులెందుకని నవ్వాను కూడా.) గేటు దగ్గర పిలుపు కోసం నిలబడ్డాం. అప్పుడు, మొదటిసారి, నోటితో అడిగారు. “చిన్నమ్మా, ఆ లుకప్ అని రాశావు చూడు. పేరు కుడివైపుంటే ఎందుకు రావట్లేదంటావు? ఆఫీసులో పది రకాలుగా చేసి చూశాను. ఏమనుకోకుండా ఒక్క ముక్క చెప్పు.”

ఏమని చెప్పను! ఆ సూత్రాన్ని నేను ఒక్కసారైనా వేసి చూస్తే కదా! అది ఎడమ నుంచి కుడికే వెతుకుతుందని, కుడి నుంచి ఎడమకు వేరే దారి ఉందని నాకెలా తెలుస్తుంది? నా పాఠాన్ని నాకంటే లోతుగా చదివింది ఆయన. “అది... నెట్లో ఉంటుంది నాన్నా,” అన్నాను. నా మొహంలోకి చూశారు. ముప్పై నాలుగేళ్ళపాటు ఎన్ని సాకులు విన్న మనిషి! అంతా అర్థమైపోయింది. “సరేలే తల్లీ, నువ్వు కంగారుపడకు,” అని, పరీక్ష రాసేది నేనైనట్టు నా భుజం తట్టి లోపలికి వెళ్ళారు.

నాలుగు మార్కుల్లో పోయింది. ఏ ప్రశ్నలో పోయిందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆరునెలలకు సీనియర్ అసిస్టెంటుగానే దండ వేయించుకుని, చేతిలో పూలగుత్తితో ఇంటికొచ్చారు. ఆ దండ తీసి సోఫా మీద పెట్టిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా ప్రాణం ఉసూరుమంటుంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! ఆ తర్వాత నన్ను దేని గురించీ సందేహం అడగలేదు. కరెంటు బిల్లు ఫోన్లో ఎలా కట్టాలో కూడా కింది ఫ్లాటు వాళ్ళని అడిగేవారు.

రిటైరయ్యాక కూడా ఆ చదువు మానలేదు. ఎవరో కుర్రాడు నిమిషం నిమిషం వీడియోల్లో స్ప్రెడ్‌షీట్లు చెప్తుంటే చూసేవారు. ఓసారి నేనూ వాటిలో ఓ వీడియో తెరిస్తే, కింద వేల హృదయాల బొమ్మల మధ్య నాన్న కామెంటు కనపడింది. ‘గురువుగారికి నమస్కారములు. పేరు కుడివైపు ఉన్నచో...’ అదే ప్రశ్న. పెట్టి రెండు నెలలైంది. ఆ కుర్రాడికి జవాబిచ్చే తీరికెక్కడిది! ఏడుపొచ్చింది నాకు. ఓ తామరపువ్వు బొమ్మతో, ‘తోటి విద్యార్థి’ అనే పేరుతో కొత్త ఖాతా తెరిచాను. సాయంత్రమంతా కూర్చుని ఆ సూత్రాన్ని నిజంగా నేర్చుకుని, మెట్టుమెట్టుగా రాసి పెట్టాను. నా జీవితంలో ఫొటో లేకుండా చదివిన మొదటి పాఠం అదే. పది నిమిషాల్లో పక్కగదిలోంచి వినపడింది. “ఇదిగో, వచ్చిందే! చూడు, వచ్చేసింది!”

మూడేళ్ళుగా అలాగే నడుస్తోంది. ఆయన అడుగుతారు, నేను ముందు నేర్చుకుంటాను, తర్వాత తామరపువ్వు చెప్తుంది. ఆఫీసులో నాకున్న మంచిపేరులో సగం ఆ ప్రశ్నల పుణ్యమే. మొన్న భోజనాల దగ్గర నాన్న కాస్త మొహమాటపడుతూనే అన్నారు. “ఎవరో గానీ బంగారం లాంటి మనిషి. నీకూ ఏమైనా తెలియకపోతే అక్కడ అడుగమ్మా, విసుక్కోరు.” అలాగే నాన్నా అని పప్పులో నెయ్యి వేసుకున్నాను. నా గదిలోకి వచ్చి చూస్తే తామరపువ్వుకు ఓ కామెంటు వచ్చి ఉంది. ‘తమరివంటి బిడ్డను కన్న తల్లిదండ్రులు ధన్యులు.’

లేచి తలుపు దాకా వెళ్ళాను. తలుపవతల ఆయన అమ్మకేదో చెప్పి నవ్వుతున్నారు. గొళ్ళెం మీద చెయ్యి పెట్టి, వెనక్కొచ్చి ‘తమరి ఆశీర్వాదం సార్’ అని రాశాను. చదవని చదువును వంద రోజులు ఊరంతా చాటుకున్న దాన్ని, చదివిన ఈ కాస్తా నేనే చదివానని ఒక్క మనిషికి చెప్పుకోలేక చస్తున్నాను.