బాషా ఏ రోజు ఏ రాష్ట్రంలో ఉన్నాడు

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిన మరుసటి ఏడాది జనవరిలో నన్ను సౌదీలోని జుబైల్ ఆఫీసులో పేరోల్ సూపర్‌వైజర్ని చేశారు. అంతకుముందు తొమ్మిదేళ్ళు అదే విభాగంలో గుమాస్తాగా చేశాను. మాది పెట్రోకెమికల్ ప్లాంట్లలో షట్‌డౌన్ పనులు, యంత్రాల మరమ్మతులు చేసే కాంట్రాక్టు కంపెనీ. సౌదీలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. కాబట్టి పేరోల్ వాళ్ళకి పన్నుల గురించి తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. తెలుసని అనుకోవడానికి మాత్రం ఏ అడ్డూ ఉండేది కాదు. నేను ఆ రెండో రకం.

ఆ వసంతంలో ఒక పెద్ద కంప్రెసర్ రోటర్‌ని, అంటే దాని లోపల తిరిగే ఇరుసుని, మరమ్మతుకి అమెరికా పంపారు. మా తరఫున పని చూడటానికి మహబూబ్ బాషాని ఎంపిక చేశారు. బాషాది ప్రొద్దుటూరు, తిరిగే యంత్రాల టెక్నీషియన్. చేతిలో పనీ, నోట్లో పొదుపూ ఉన్న మనిషి. వెళ్ళేముందు నా టేబుల్ దగ్గరికి వచ్చి, “సార్, ఆడ పని చేసినందుకు టాక్స్ ఏమన్నా పడతాదా?” అని అడిగాడు. తొంభై రోజుల లోపు వెళ్ళొచ్చే వాళ్ళకి ఏమీ ఉండదని, తలెత్తకుండానే చెప్పాను. ఎక్కడో సగం విన్న మాట అది.

బాషా రంజాన్‌కి పది రోజుల ముందు వెళ్ళి, నలభై రోజులుండి, పండుగకి జుబైల్ చేరాడు. రోటర్ బాగా వచ్చింది. మరుసటి ఏడాది రెండో రోటర్ పంపాలనీ, బాషాని లీడ్ టెక్నీషియన్‌గా పంపాలనీ నిర్ణయమైంది. మా కంపెనీలో లీడ్ గ్రేడు వస్తేనే కుటుంబాన్ని తెచ్చుకునే అర్హత. అతని భార్య, ఏడేళ్ళ కూతురు ప్రొద్దుటూరులో ఉన్నారు. పెళ్ళయ్యాక ఆ ఇద్దరితో అతను గడిపింది సెలవుల్లోనే. బడి ఎక్కడ, ఫ్లాటు ఎంత దూరం అని అప్పుడే విచారించడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరిలో ఆ అమెరికా వర్క్‌షాపు వాళ్ళ న్యాయ విభాగం నుంచి ఈమెయిలు వచ్చింది. కిందటి పర్యటనకి సంబంధించిన పన్ను పత్రాలు దాఖలు కానిదే కొత్త ఆహ్వాన పత్రం ఇవ్వలేమన్నారు. ఆ పత్రం లేకపోతే వీసా లేదు. వీసా లేకపోతే లీడ్ గ్రేడు ఇంకొకరికి.

మేము అక్కడి పన్ను సలహాదారు ఒకాయన్ని పెట్టుకున్నాం. ఆయన ఫోన్లో చెప్పింది వింటుంటే నా చెవులు వేడెక్కాయి. నేను చెప్పిన తొంభై రోజుల నియమం నిజమే, కానీ అది సగమే. ఆ రోజులకి వచ్చే జీతం మూడు వేల డాలర్లు మించకూడదన్నది మిగతా సగం. బాషా జీతం మించింది. కాబట్టి ఫెడరల్ పన్ను, అంటే దేశం మొత్తానికి కేంద్రం వేసే పన్ను, కట్టాల్సిందే. ఇండియాకీ అమెరికాకీ మధ్య పన్ను ఒప్పందం ఉంది కదా అని అడిగాను. అది ఇండియాలో నివాసం ఉన్నవాళ్ళకి, పాస్‌పోర్టు ఉన్నంతమాత్రాన రాదన్నారు. పదకొండేళ్ళుగా ఇకామా మీద, అంటే సౌదీ నివాస పర్మిట్ మీద, జుబైల్‌లో ఉన్న బాషాకి అది వర్తించదు.

అంతటితో అయిపోలేదు. కేంద్రంతో సంబంధం లేకుండా రాష్ట్రాలు వేరే పన్ను వేస్తాయట. కేంద్రం చూసేది దేశంలో ఎన్ని రోజులు పనిచేశావని. రాష్ట్రం చూసేది తన గడ్డ మీద ఎన్ని రోజులు పనిచేశావని. బాషా రోటర్ మరమ్మతుకి లూసియానాలోనూ, బ్యాలెన్సింగ్ పరీక్షలకి టెక్సాస్‌లోనూ ఉన్నాడు. టెక్సాస్ జీతాల మీద పన్ను వేయదు. లూసియానా వేస్తుంది. బయటివాడు అక్కడ ఇరవై అయిదు రోజులకి మించి పనిచేస్తే ఆ రోజుల జీతానికి లెక్క చెప్పాలి. ఏ రోజు ఏ రాష్ట్రంలో పనిచేశాడో యజమాని ధ్రువపత్రం ఇవ్వాలన్నారాయన.

ఇక్కడే మా ఆఫీసు అలవాటొకటి అడ్డం తిరిగింది. మా టైమ్‌షీట్ ప్రోగ్రాము సైట్ కోడ్ లేనిదే జీతం కదలనిచ్చేది కాదు. అమెరికాకి కోడ్ లేదు. అందుకని కోడ్ లేని చోటికి పంపినవాళ్ళందరికీ టైమ్‌కీపర్ జుబైల్ కోడే వేసేవాడు. పక్కనున్న రాస్ తనూరా వెళ్ళినా, అమెరికా వెళ్ళినా మా కాగితాల్లో మనిషి జుబైల్‌లోనే ఉండేవాడు. ఆ నలభై రోజుల టైమ్‌షీట్ మీద సూపర్‌వైజర్ సంతకం నాదే.

మా మేనేజరు సౌదీ ఆయన, మంచివాడే, తొందర ఎక్కువ. టైమ్‌షీట్ ప్రకారం బాషా జుబైల్‌లోనే పనిచేశాడు కదా, అలాగే రాసి సంతకం పెట్టు, ఏ పన్నూ ఉండదు అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తీపిగానే తగిలింది. నా తప్పులు రెండూ దాని కింద కప్పబడిపోతాయి. కానీ బాషా పాస్‌పోర్టులో అమెరికా ప్రవేశ ముద్ర ఉంది. వీసా అధికారి ముందు ఆ ముద్రా, నా ధ్రువపత్రమూ పక్కపక్కన పెడితే అబద్ధాలకోరు అయ్యేది నేను కాదు, అతను. సంతకం పెట్టలేనన్నాను. గడువు తేదీ చెప్పి ఆయన లేచి వెళ్ళిపోయారు.

వర్క్‌షాపు వాళ్ళని గేటు రిజిస్టరు అడిగాను. రెండు చోట్లా నెలన్నర రికార్డు వెతకడం కుదరదు, తేదీలు చెబితే సరిచూస్తామన్నారు. హోటలు, బండి వాళ్ళే చూసుకున్నారు కనుక మా దగ్గర బిల్లులూ లేవు. బాషాని పిలిచి విషయమంతా చెప్పాను. నా సలహా తప్పని కూడా చెప్పాను.

“మొదటి పది దినాలు లూసియానాలోనే ఉన్న్యా సార్. మిగతావి నా రంజాన్ రోజాల లెక్కలో దొరకతాయి” అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంపు గదికి వెళ్ళి జేబు క్యాలెండరు తెచ్చాడు. ప్రయాణంలో ఉన్నరోజు ఉపవాసం వదిలే వెసులుబాటు ఉంది, కానీ అలా వదిలినవి తర్వాత ఒక్కటీ పోకుండా తీర్చాలి. అందుకని బాషా రాష్ట్రం మారిన ప్రతి రోజునీ సున్నా చుట్టి పెట్టుకున్నాడు. మిగతా రోజులకి ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళ రాసుకున్నాడు, ఊరు మారితే పొద్దు గుంకే వేళ మారుతుంది కనుక పక్కన ఊరి పేరు కూడా. అయిదు సున్నాలు. ఆ అయిదూ జుబైల్‌లో చలికాలం తీర్చేశానన్నాడు. అతను తన ఉర్దూ రాతని చదివి చెబుతుంటే నేను తేదీలు రాసుకున్నాను. పేరోల్ సూపర్‌వైజర్ని నేను, రోజుల రికార్డు సరిగ్గా ఉన్నది అతని దగ్గర. సిగ్గుపడ్డాను.

ఆ తేదీలు వర్క్‌షాపుకి పంపితే గేటు రిజిస్టరుతో అన్నీ కలిశాయి. లూసియానాలో పనిచేసింది ఇరవై ఏడు రోజులు. హద్దు రెండు రోజులు దాటింది, కాబట్టి అక్కడా దాఖలు చేయాలి. ధ్రువపత్రంలో ఊళ్ళవారీగా రోజులు రాసి, టైమ్‌షీట్లో జుబైల్ అని వేయడం మా పద్ధతిలోని లోపమని, ఉద్యోగికి ముందు తప్పు సలహా ఇచ్చింది నేనేనని రాసి సంతకం పెట్టాను. పన్ను కంపెనీయే కట్టింది. నాకు మెమో ఇచ్చారు, ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. నేనేమీ వాదించలేదు.

ఆహ్వాన పత్రం వచ్చింది. ఏప్రిల్లో వీసా స్టాంపు పడింది. కానీ ఈ తిరుగుడులో ఏడు వారాలు పోయాయి. ప్లాంటు వాళ్ళు ఆగలేక మొదటి బృందానికి లీడ్‌గా ఇంకొకతన్ని పంపేశారు. బాషా రెండో బృందంలో, పాత గ్రేడులోనే వెళ్ళాడు. లీడ్ గ్రేడు అతనికి మరుసటి ఏడాది వచ్చింది. భార్యా కూతురూ జుబైల్ రావడం ఒక ఏడాది వెనక్కి పోయింది.

అమెరికా బయల్దేరే ముందు సెలవు తీసుకోడానికి వచ్చాడు. నావల్ల ఒక ఏడాది పోయిందని, క్షమించమని అడిగాను. అతను కోపంగా లేడు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

“మీరు తప్పు చెప్పినారని కాదు సార్. తెలీదని ఒక్క మాట చెప్పింటే, నేనే ఎవర్నన్నా అడిగి కనుక్కునేవాణ్ణి గదా” అన్నాడు.

తర్వాత రెండేళ్ళు నేను ఆ కుర్చీలో ఉన్నాను. బయటి దేశం వెళ్ళేవాళ్ళు పన్ను గురించి అడిగితే, నాకు తెలియదని మొదట చెప్పి, ఆ దేశమూ అందులోని రాష్ట్రమూ రాసుకుని, రెండింటి గురించీ విడివిడిగా కనుక్కుని, కాగితం మీద జవాబు ఇచ్చాను. దానికి ఒక్కొక్కరికి రెండు మూడు రోజులు పట్టేది. బాషాకి ఆ రెండు మూడు రోజులు నేను ఇవ్వలేదు. అందుకే అతని కూతురు తండ్రి దగ్గరికి ఎనిమిదేళ్ళప్పుడు రావాల్సింది తొమ్మిదేళ్ళకి వచ్చింది.